వింటేజ్ షాంపేన్ రుచి చూడడం: నల్లగొండ, పాలమూరు వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

పద్నాలుగేళ్లు హోటళ్లలో టేబుళ్ల దగ్గర సీసాలు తెరిచి, ఇప్పుడు నల్లగొండకు తిరిగొచ్చి ఉంటున్నాను. డిసెంబరు 31 సాయంత్రం, ఎండాకాలంలో అమెరికా పిల్లలు దిగినప్పుడు, పెళ్లిళ్ల సీజన్‌లో నా ఫోన్ ఆగదు. అడిగేవాళ్లు మారుతుంటారు, షాంపేన్ అనే ఫ్రాన్స్ బుడగల వైన్ గురించి ప్రశ్నలు మాత్రం అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇదంతా 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం, మన రాష్ట్ర చట్టం అదే.

## సీసా చేతికొచ్చినప్పుడు

మా బావ డల్లాస్ నుంచి తెచ్చిండు. సీసా మీద 2012 అని ఉంది. డేట్ అయిపోయినట్టేనా?

కాలేదు. అది ద్రాక్ష కోసిన సంవత్సరం. మందు షీటు మీద చూసినట్టు దీని మీద గడువు తేదీ వెతకొద్దు, ఉండదు. పైగా 2012 షాంపేన్‌లో మంచి పేరున్న సంవత్సరం. మీ బావకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. పారబోద్దామనుకున్న సంగతి మాత్రం చెప్పకండి.

వింటేజ్ అంటే పాతది అనేనా?

వింటేజ్ కారు, వింటేజ్ రేడియో అని విని విని మనకు అలా స్థిరపడిపోయింది. వైన్‌లో వింటేజ్ అంటే ఒకే ఏడాది పంటతో చేసినది అని అర్థం.

షాంపేన్ అనే ప్రాంతం ప్యారిస్‌కు ఈశాన్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. భూమధ్యరేఖకు ఉత్తరంగా 49 డిగ్రీల దగ్గర, ద్రాక్ష పండటానికి చలి ఎక్కువైన చోటు. ఒక ఏడు మంచు కొడుతుంది, ఇంకో ఏడు కోతల ముందు వాన పడి కాయ కుళ్లుతుంది. అందుకే అక్కడివాళ్లు పాత ఏళ్ల వైన్ కొంత దాచిపెట్టి, కొత్తదానితో కలిపి, ఏటా ఒకే రుచి వచ్చేలా చూసుకుంటారు. షాంపేన్‌లో ఎక్కువ భాగం అలాంటిదే, దాని మీద సంవత్సరం ఉండదు.

పంట బాగా వచ్చిన ఏడు మాత్రం ఆ ఒక్క ఏటి ద్రాక్షతో విడిగా చేసి, సంవత్సరం అచ్చు వేస్తారు. 2002, 2008, 2012 అలాంటివి. 2001లో దాదాపు ఎవరూ ఆ పని చేయలేదు. మామూలు షాంపేన్ సీసాలో పోశాక కనీసం 15 నెలలు ఆగాలి, వింటేజ్ అయితే కనీసం 36 నెలలు. పేరున్న కంపెనీలు ఏడెనిమిదేళ్లు కూడా ఆపుతాయి. మీరు కట్టే డబ్బులో పెద్ద భాగం ఈ ఎదురుచూపుకే.

వైన్స్‌లో దొరికే బుడగల సీసాలన్నీ షాంపేనేనా?

మన దగ్గర 'వైన్స్' అని బోర్డు ఉన్న షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కదా, ఇదీ అలాంటి తికమకే. షాంపేన్ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడే, అక్కడి నిబంధనల ప్రకారం చేసినదే షాంపేన్. మిగతావి స్పార్క్లింగ్ వైన్. నాసిక్‌లో తయారయ్యే షాందాన్, సూలా బ్రూట్ లాంటివి కూడా అదే పద్ధతిలో, సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేస్తారు. పేరు వేరు గానీ చెడ్డవేం కావు. నిజానికి వింటేజ్ సీసా తెరిచే ముందు వాటిలో ఒకటి కొని చేయి, నాలుక అలవాటు చేసుకోవడం తెలివైన పని.

ఇంకోటి, బర్త్‌డే పార్టీల్లో పిల్లలకు పోసే ఆపిల్ రసం సీసా ఆకారం చూసి మోసపోవద్దు. అందులో ఆల్కహాల్ ఉండదు.

లేబుల్ మీద అన్నీ ఫ్రెంచ్ మాటలే. ఏవి చూడాలె?

నాలుగు చాలు.

ఒకటి, సంవత్సరం. రెండు, తీపి. 'బ్రూట్' అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, 'ఎక్స్‌ట్రా బ్రూట్' అంటే 6 లోపు, 'డెమి సెక్' అంటే 32 నుంచి 50 దాకా. 'ఎక్స్‌ట్రా డ్రై' అని చూసి అసలు తీపే ఉండదనుకుంటారు, కానీ అది బ్రూట్ కంటే తీపి. ఎందుకలా పెట్టారని నన్నడగొద్దు.

మూడు, ద్రాక్ష. షాంపేన్‌లో ప్రధానంగా మూడు రకాలు: పినో న్వార్, మెనియే, షార్డొనే. మొదటి రెండూ నల్లవి, మూడోది తెల్లది. 'బ్లాన్ ద బ్లాన్' అని ఉంటే తెల్ల ద్రాక్షతోనే, 'బ్లాన్ ద న్వార్' అని ఉంటే నల్ల ద్రాక్షతోనే చేశారని. నల్ల ద్రాక్ష రసం కూడా తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కలోనే. నాలుగు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే 'ఎన్ఎం' లేదా 'ఆర్ఎం'. మొదటిది రైతుల దగ్గర ద్రాక్ష కొని చేసే పెద్ద కంపెనీ, రెండోది తన తోటలోని ద్రాక్షతో తానే చేసుకునే రైతు.

డాం పెరిన్యోన్ అనే సన్యాసి షాంపేన్‌ను కనిపెట్టిండట కదా?

కనిపెట్టలేదు. ఆయన 1668 నుంచి 1715 దాకా ఓవిల్యే మఠంలో వైన్ గదులు చూసుకున్నాడు. రకరకాల తోటల ద్రాక్ష కలపడంలో దిట్ట. ఆయన కాలంలో బుడగలంటే లోపం కిందే లెక్క. ఆయన పేరుతో ఉన్న సీసా మొయెట్ ఎ షాందాన్ కంపెనీది. మొదటి వింటేజ్ 1921ది, అమ్మకానికి వచ్చింది 1936లో.

దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు ఎన్ని తెచ్చుకోవచ్చు?

మద్యమంతా కలిపి మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. షాంపేన్ సీసా 750 మిల్లీలీటర్లు, అంటే రెండు. సీసాను హ్యాండ్ బ్యాగులో తేవాలంటే డ్యూటీ ఫ్రీలో సీలు వేసిన కవర్ విప్పకూడదు. చెక్ ఇన్ సూట్‌కేసులో అయితే చీరల మధ్య చుట్టి పెట్టండి, పెళ్లి చీరలు కాకుండా.

## దాచడం, చల్లబరచడం

హాల్లో షోకేసులో పెట్టినం. ఎన్నేండ్లు ఆగుతది?

ఈ ప్రశ్నకు నా దగ్గర కడుపుమంట జవాబు ఉంది.

2015లో నేను ఇంటికి పంపిన ఒక 2004 సీసాను మా నాన్న షోకేసులో పెట్టాడు. తాజ్‌మహల్ బొమ్మకూ, మా చెల్లె టెన్త్ షీల్డుకూ మధ్య. పైన ట్యూబ్‌లైటు, ఎదురుగా పడమటి కిటికీ. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. ఏడేళ్ల తర్వాత నేనొచ్చి తెరిస్తే, బిరడా ముసలాయన దగ్గినంత శబ్దం కూడా చేయలేదు. గ్లాసులో పోస్తే పలచటి బెల్లం నీళ్ల రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉడకబెట్టిన క్యాబేజీ వాసన. నాన్న ఒక గుక్క తాగి, "ఫారిన్‌ది కదా, గిట్లనే ఉంటది" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

వెలుతురు, వేడి రెండూ షాంపేన్‌కు శత్రువులు. వెలుతురు పడితే వైన్‌లోని కొన్ని పదార్థాలు మారి గంధకం వాసన పుడుతుంది, దీనికి ట్యూబ్‌లైటు కూడా చాలు. ముదురు ఆకుపచ్చ సీసా కొంత ఆపుతుంది, తెల్ల సీసా ఆపలేదు. లూయీ రోడరే కంపెనీ 'క్రిస్టల్' సీసా తెల్లగా ఉంటుంది గనుకే దానికి పసుపు రంగు కాగితం చుట్టి అమ్ముతారు. ఆ కాగితం తీసి దాచొద్దు.

ఇక వేడి. షాంపేన్ ప్రాంతంలోని రీమ్స్ ఊరి కింద సుద్దరాతి గుహల్లో ఏడాది పొడుగునా 10 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది, సీసాలు అక్కడ పెరుగుతాయి. మిర్యాలగూడలో మే నెలలో 44 దాటుతుంది. అలాంటి ఒక్క ఎండాకాలం సీసాను బాగా ముసలిదాన్ని చేస్తుంది. వైన్ కోసం చేసిన ప్రత్యేకమైన ఫ్రిజ్ లేకపోతే ఏళ్ల తరబడి దాచే ఆలోచనే వద్దు. తెచ్చిన నెలా రెండు నెలల్లో, ముఖ్యంగా శివరాత్రి లోపు తాగేయండి.

మామూలు ఫ్రిజ్‌ల పెట్టి మరిచిపోతే?

వారాలైతే ఏమీ కాదు. అడుగు అరలో, పడుకోబెట్టి పెట్టండి. డోర్‌లో వద్దు, తీసిన ప్రతిసారీ ఊగుతుంది. నెలల తరబడి ఉంటే ఫ్రిజ్‌లోని పొడిగాలికి బిరడా ఎండి గ్యాస్ జారిపోతుంది. అయినా మన ఎండలో అల్మారా కంటే ఫ్రిజ్జే నయం.

చుట్టాలు గంటల వస్తున్నరు. డీప్ ఫ్రిజ్‌ల పడేయాల్నా?

వద్దు. గడ్డకడితే సీసా పగలొచ్చు. పగలకపోయినా, అంత చల్లబడ్డాక నాలుకకు ఏమీ తెలియదు.

బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు గళ్లుప్పు వేసి, సీసా మెడ దాకా ముంచండి. అరగంట చాలు. ఒట్టి ఐసు ముక్కల్లో గుచ్చితే ఇంత త్వరగా చల్లబడదు, నీళ్లుంటేనే చలి సీసాకు చుట్టూ తగులుతుంది. ఫ్రిజ్‌లో అయితే మూడు నాలుగు గంటలు పడుతుంది.

ఎంత కూలింగ్ ఉండాలె? బీరులెక్క చిల్డ్‌గనా?

అంత వద్దు. మామూలు షాంపేన్‌కు 8 నుంచి 10 డిగ్రీలు, వింటేజ్‌కు 10 నుంచి 12. థర్మామీటర్ లేకపోతే ఒక కొలత చెప్తాను: కొత్త కుండలో రాత్రంతా ఉన్న నీళ్లకంటే చల్లగా, ఫ్రిజ్ బాటిల్ నీళ్లకంటే కొంచెం వెచ్చగా. మన ఎండాకాలంలో గ్లాసులో పోసిన పది నిమిషాల్లోనే నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది. కాబట్టి 8 దగ్గర మొదలుపెట్టి, అదే పెరిగేదాకా ఓపిక పట్టండి. వాసన విచ్చుకునేది అప్పుడే.

## తెరవడం, పోయడం

ఢాం అని పేలకపోతే మజా ఏముంది?

మజా మీ ఇష్టం, ట్యూబ్‌లైటు మీది. సీసాలో ఒత్తిడి బయటి గాలికి ఆరు రెట్లు, కారు టైరులో ఉండేదానికి రెండున్నర రెట్లకు పైనే. సీసా వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. బిరడా కంట్లో తగిలితే చూపు పోతుంది, ఇది బెదిరింపు కాదు.

నెమ్మదిగా ఇలా చేయండి. సీసా ఊపొద్దు. రేకు తీసి, బొటనవేలు బిరడా మీద పెట్టే ఉంచి, బిరడాను పట్టి ఉంచే తీగ చెవిని ఆరు అరచుట్లు తిప్పి వదులు చేయండి. తీగను పూర్తిగా తీసేయనక్కర్లేదు. తువ్వాలు కప్పి, సీసాను ఏటవాలుగా, మనుషులూ ఫ్యానూ లేని వైపు పట్టుకోండి. ఒక చేత్తో బిరడా గట్టిగా పట్టి, రెండో చేత్తో సీసా అడుగును తిప్పండి. బిరడా తిప్పితే విరుగుతుంది, సీసా తిప్పితే కదులుతుంది. అది పైకి తన్నుకొస్తుంటే మీరు కిందికి నొక్కి పట్టాలి. చివరికి గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసినప్పటి 'ఉస్సు' మాత్రం వినపడాలి. గోలీసోడాలా మోగితే పావు గ్లాసు నేలపాలు.

కారు రేసులల్ల ఊపి చల్లుతరు కదా, మనం చేస్తే తప్పా?

1967లో లె మాన్ రేసు గెలిచిన డాన్ గర్నీ సంతోషం పట్టలేక చుట్టూ ఉన్నవాళ్ల మీద చల్లాడు, అది అలవాటైపోయింది. వాళ్లకు సీసాలు ఎవరో ఇస్తారు. మీకు చల్లాలనే ఉంటే ఆ పనికి సోడా ఉంది.

బిరడా తీస్తే సప్పుడే రాలే. డూప్లికేటా?

సీసా వయసు పదిహేను, ఇరవై ఏళ్లయితే మామూలే. బిరడా గుండా గ్యాస్ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. తీసిన బిరడా చూడండి. చిన్న వయసుదైతే అడుగు విచ్చుకుని పుట్టగొడుగులా అవుతుంది. చాలాకాలం సీసాలో ఉన్నదైతే నిటారుగా మేకులా ఉండిపోతుంది. శబ్దం లేకపోయినా వాసన బాగుంటే నిశ్చింతగా తాగొచ్చు.

స్టీలు గ్లాసుల పోస్తే ఏమైతది?

ఏమీ కాదు, సగం సినిమా పోతుంది. రంగు కనపడదు, బుడగ కనపడదు, మూతి వెడల్పు గనుక వాసన నిలవదు. సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లూట్ గ్లాసు కూడా వింటేజ్‌కు అంత మంచిది కాదు, ముక్కు పెట్టడానికి చోటుండదు. మధ్యలో ఉబ్బి పైన మూతి ముడుచుకున్న మామూలు వైన్ గ్లాసు అన్నిటికంటే నయం. అదీ లేకపోతే చిన్న గాజు గ్లాసు వాడండి. ప్లాస్టిక్ డిస్పోజబుల్ మాత్రం వద్దు, పెళ్లి భోజనాల వాసన గుర్తొస్తుంది.

మా గ్లాసుల బుడగలే రాలే, పక్కాయన గ్లాసుల బుస్సుమని వస్తున్నయి. ఎందుకు?

ఇద్దరిదీ ఒకే సీసా అయితే తేడా గ్లాసుదే. వైన్‌లో కరిగి ఉన్న గ్యాస్ బుడగ కావాలంటే దానికో ఆసరా కావాలి. గ్లాసు గోడకు అంటిన కంటికి కనపడని నూలు పోగు, దుమ్ము రేణువు ఆ ఆసరా. రీమ్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజే బెలేర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చదివింది ఇదే. మీ గ్లాసుకు సబ్బు జిడ్డు మిగిలి ఉంటుంది, అది నురుగును చంపేస్తుంది. వేడినీళ్లతో కడిగి, పాత నూలుగుడ్డతో తుడవండి, పోగులు అవే అంటుకుంటాయి.

పోసేటప్పుడు బీరు పోసినట్టు గ్లాసు వంచి, గోడ మీదుగా జారవిడవండి. నిటారుగా పోస్తే గ్యాస్ ఎక్కువ పోతుంది.

ఒక్క సీసా ఎంతమందికి వస్తది?

ఆరుగురికి, తలా 125 మిల్లీలీటర్లు. ఇరవైమంది ఉన్న ఇంట్లో వింటేజ్ తెరవొద్దు. తీర్థంలా చేతిలో పోయాల్సి వస్తుంది.

## చూడడం, వాసన, రుచి

బ్రియోష్, హేజల్‌నట్ వాసన రావాల్నట. అవి మేం ఎన్నడు తినలే. మాకెట్ల తెలుస్తది?

నన్ను ఎక్కువమంది అడిగేదీ, నాకు చెప్పడం ఇష్టమైనదీ ఇదే.

ఆ మాటలు ఫ్రాన్స్ వాళ్ల వంటింట్లోవి. బ్రియోష్ అంటే వెన్న వేసిన మెత్తటి రొట్టె, హేజల్‌నట్ అంటే ఒక రకం గింజ. మీ వంటింట్లో వెతకండి. మొదటి ఏళ్లలో షాంపేన్‌లో పుల్లటి పండ్ల వాసన ముందుంటుంది. దాన్ని నేను బత్తాయి తొక్క అంటాను. నల్లగొండలో పుట్టినవాడికి ఆ వాసన వివరించాల్సిన పని లేదు. తొక్క గిల్లితే వేళ్లకు అంటే ఆ నూనె వాసన, దాని వెనక నకిరేకల్ నిమ్మకాయ, పచ్చి ఆపిల్ ముక్క.

వయసు పెరిగే కొద్దీ పండు వెనక్కి తగ్గి, కాల్చిన వాసనలు ముందుకొస్తాయి. వాళ్లు బ్రియోష్ అనేది మనకు ఉస్మానియా బిస్కెట్ డబ్బా మూత తీసినప్పటి వెన్న వాసన. వాళ్ల హేజల్‌నట్‌కు మా మేనత్త పేరు పెట్టింది. ఆమెది పాలమూరు వైపు ఊరు, జీవితమంతా పల్లీ చేను. ఒక 2008 సీసా తెరిచిన రోజు గ్లాసు చేతికిస్తే తాగలేదు, ముందు వాసన చూసింది, కళ్లు మూసుకుంది. "పల్లీలు ఏంచి పొట్టు ఊదుతరు సూడు, గా పొట్టు వాసన" అంది. పల్లీలు కూడా కాదు, పొట్టు. హోటల్లో నాతోపాటు పనిచేసిన ఫ్రెంచ్ సొమెలియే, అంటే వైన్ ఎంచి వడ్డించే నిపుణుడు, అదే సీసా గురించి అరపేజీ రాసుకున్నాడు, అంత కచ్చితంగా చెప్పలేదు. గుక్క తాగాక ఆమె మొహం మాత్రం చింతకాయ నమిలినట్టయింది. రెండో గుక్కకు అడిగింది.

ఇంకా పాతబడితే తేనె, ఎండు ఖర్జూరం, వాన పడ్డ మర్నాడు తోటలో పుట్టగొడుగుల వాసన. ఇవన్నీ ఒకే గ్లాసులో రావు. రెండు పట్టుకుంటే చాలు.

చేసే పద్ధతి ఇది. గ్లాసులో మూడో వంతే పోయండి. ఊపకుండా ఒకసారి వాసన చూడండి, తర్వాత నెమ్మదిగా ఒక్కసారి తిప్పి మళ్లీ చూడండి. చిన్న గుక్క తీసుకుని, మింగకుండా మూడు నాలుగు సెకన్లు నాలుక మీద ఉంచండి. బుడగలు గుచ్చుతున్నాయా, మీగడలా ఆనుతున్నాయా గమనించండి. బాగా నిలవైన వింటేజ్ రెండో రకం. మింగాక మనసులో అంకెలు లెక్కపెట్టండి. అయిదు లోపే రుచి ఆగిపోతే మామూలుది, పదిహేను దాటినా నోట్లో ఉంటే గొప్పది. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, మాట్లాడుకుని, ఇరవై నిమిషాలకు మళ్లీ చూడండి. చాలాసార్లు అది వేరే వైన్‌లా ఉంటుంది.

కల్లుకూ దీనికీ ఏమైనా సంబంధముందా?

నవ్వుతూ అడుగుతారు గానీ, ఉంది.

గౌడన్న లొట్టి దించేసరికే గీతలో ఊరిన నీరు పులియడం మొదలై ఉంటుంది. గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్ట్ తీపిని తిని ఆల్కహాల్, గ్యాస్ చేస్తుంది. తెల్లటి నురుగు ఆ గ్యాసే. షాంపేన్‌లోనూ తీపిని తినేది ఈస్టే, వచ్చేది అదే గ్యాస్. తేడా మూతలో ఉంది. కల్లుకు మూత లేదు, గ్యాస్ పోతుంది, గాలి తగిలి మాపటికి పులుపెక్కుతుంది, మర్నాటికి పనికిరాదు. షాంపేన్‌ను మొదట తొట్టిలో పులియబెట్టి, తర్వాత లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ వేసి సీసాలో పోసి గట్టిగా మూత బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది. గ్యాస్ పోయే దారి లేక వైన్‌లోనే కరుగుతుంది.

కల్లు అడుగున మడ్డి దిగినట్టే సీసాలోనూ చచ్చిన ఈస్ట్ మడ్డి దిగుతుంది. మనం మడ్డి పారబోస్తాం. వాళ్లు దాన్ని ఏళ్ల తరబడి అందులోనే ఉంచుతారు. అది నెమ్మదిగా కరిగి బిస్కెట్, కాల్చిన రొట్టె వాసనలు ఇస్తుంది. చివర్లో సీసాలను తలకిందులుగా వంచి, రోజూ కొంచెం తిప్పుతూ మడ్డిని మెడలోకి దింపి, మెడను గడ్డకట్టించి, మూత తీస్తారు. మడ్డి గడ్డ ఒత్తిడికి బయటికి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలో కొంచెం వైన్, చక్కెర పోసి అసలు బిరడా కొడతారు.

పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ తేడా ఒక్క గుక్కలో చెప్పే పెద్దమనుషులు మన ఊళ్లలో ఉన్నారు. తాటి, ఈత కలిపితే పట్టేస్తారు. అలాంటాయన ముందు ఈ గ్లాసు పెట్టండి, మీరు నేర్పాల్సిందేమీ ఉండదు.

ఇంత పుల్లగ ఉందేంది? చెడిపోయిందా?

బ్రూట్ అంటే అలాగే ఉంటుంది. ఒక గ్లాసులో చక్కెర ఒకటిన్నర గ్రాము లోపే, అదే గ్లాసు కూల్‌డ్రింకులో పన్నెండు గ్రాముల పైమాట. చలిదేశపు ద్రాక్షలో పులుపు ఎక్కువ, వైన్‌ను ఇన్నేళ్లు నిలబెట్టేది కూడా ఆ పులుపే. మొదటి గుక్క మీద తీర్పు చెప్పకుండా మూడో గుక్క దాకా ఆగండి.

నిజంగ చెడిపోయిందని ఎట్ల తెలుస్తది?

ముక్కే చెప్తుంది. తడిసిన అట్టపెట్టె, తడి గోనెసంచి వాసన వస్తే బిరడా తెగులు. ప్రమాదం కాదు గానీ రుచి పోయినట్టే. ఉడికిన క్యాబేజీ వాసన వస్తే వెలుతురు దెబ్బ. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు కలిసి కనిపిస్తే గాలి దూరింది. ఒట్టి బంగారు రంగు మాత్రం లోపం కాదు, వయసు.

వందేళ్ల షాంపేన్ కూడా తాగుతరా?

2010లో ఫిన్లాండ్‌కు చెందిన ఓలాండ్ దీవుల దగ్గర, బాల్టిక్ సముద్రంలో సుమారు 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 సీసాలు దొరికాయి. వయసు దాదాపు 170 ఏళ్లు. శాస్త్రవేత్తలు రుచి చూశారు. తెరవగానే పశువుల వాసన, తడి జుట్టు వాసన. గ్లాసులో తిప్పి కాసేపు గాలి తగలనిస్తే పొగ, తోలు, మసాలా వాసనలు. చక్కెర లీటరుకు 140 గ్రాములు దాటింది, అప్పటి జనం అంత తీపి తాగేవాళ్లు. చీకటి, చలి ఆ సీసాలను కాపాడాయి.

ఐసు ముక్కలు, స్ప్రైట్ కలుపుకోవచ్చా?

మీ సీసా, మీ ఇష్టం. అయితే వింటేజ్‌లో కాదు, దయచేసి. పులుపు తగ్గాలని చక్కెర వేసినా ఒక్కసారిగా పొంగి బల్లంతా పారుతుంది. తీపే కావాలనుకుంటే డెమి సెక్ కొనుక్కోండి.

## పక్కన ఏం తినాలి, మిగిలితే ఏం చేయాలి

నాటుకోడి పులుసుతోని బాగుంటదా?

కారం ముందు ఈ వైన్ నిలవదు. బుడగలు కారాన్ని ఇంకా మండిస్తాయి, వైన్ చేదెక్కుతుంది. కోడి తర్వాత, వైన్ ముందు.

దీనికి ఉప్పు, కరకర, నూనె కావాలి. నా లెక్కలో సకినాలను మించింది లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె. ఒక ముక్క కొరికి ఒక గుక్క తాగితే పులుపు నూనెను కడిగేస్తుంది, నువ్వు వాసన వైన్‌లోని కాల్చిన వాసనతో కలిసిపోతుంది. సంక్రాంతి సకినాలు మిగిలిన జనవరి నెల చలి కూడా కలిసొస్తుంది. సాగర్ చేప దొరికితే ఉప్పు, మిరియం, నిమ్మరసం మాత్రమే పట్టించి వేయించండి. ఉప్పు వేసి వేయించిన పల్లీలు, కారం లేని గారెలు కూడా బాగుంటాయి. పచ్చడి జాడీ మాత్రం బల్ల మీదికి రానివ్వొద్దు.

కేక్ కట్ చేసి దాంతోనే తాగుతం కదా?

అందరూ చేసేది అదే, అందుకే అందరికీ షాంపేన్ పుల్లగా తోస్తుంది. క్రీం కేకు తిన్న నాలుకకు బ్రూట్ నిమ్మరసమే. కేకు తర్వాత అరగంట ఆగండి, లేదా ముందే తాగండి.

మిగిలినదాంట్ల చెంచా పెడితే గ్యాస్ ఆగుతదా?

ఆగదు. చెంచా సీసా మూతిని మూయదు కదా. షాంపేన్ కోసం చేసిన బిగించే మూత దొరుకుతుంది, దానితో ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. అసలు బిరడా మళ్లీ పట్టదు, ప్రయత్నించి వేళ్లు నొప్పి చేసుకోవద్దు.

ఒక్క గ్లాసే కదా, బండి నడపొచ్చా?

వద్దు. ఇందులో ఆల్కహాల్ 12 శాతం దగ్గర, చాలా బీర్ల కంటే ఎక్కువ, బుడగల వల్ల త్వరగా ఎక్కుతుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే తాగాలి, గర్భిణులు ముట్టొద్దు.

ఖాళీ సీసా, బిరడా ఏం చేయాలె?

బిరడా మీద తీగ కింద ఉండే చిన్న రేకు బిళ్లను దాచుకోండి, వాటిని పోస్టల్ స్టాంపుల్లా సేకరించేవాళ్లు ఫ్రాన్స్‌లో బోలెడుమంది. సీసా కడిగి ఆరబెట్టి, లేబుల్ ముందుకు తిప్పి, ఇప్పుడు పెట్టుకోండి షోకేసులో. ఖాళీ సీసాను ట్యూబ్‌లైటు ఏమీ చేయలేదు.